నియామక పత్రం చదివి పెట్టే మనిషి కావాలి

సంపాదకులకు నమస్కారం.

జడ్చర్ల బస్టాండుకు దగ్గరలో పదహారేళ్లుగా జిరాక్సు, నెట్ సెంటరు నడుపుతున్నాను. రెండు కంప్యూటర్లు, ఒక కలర్ ప్రింటరు, ఒక జిరాక్సు యంత్రం, ఒక లామినేషన్ యంత్రం. మిడ్జిల్, నవాబుపేట, రాజాపూర్, బాలానగర్ వైపు నుంచి బస్సు దిగిన పిల్లలు పదో తరగతి మెమో, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం నకళ్ల కోసం నా దగ్గరికి వస్తారు. ఏ ఊరి పిల్ల డిగ్రీ పాసయిందో, ఏ ఇంటి అబ్బాయి ఐటీఐ మధ్యలో మానేశాడో వాళ్ల కాగితాలే నాకు చెబుతాయి. వాళ్ల మొదటి బయోడేటా టైపు చేసేది నేను. మొదటి నియామక పత్రం ప్రింటు తీసేదీ నేనే. ఆ నియామక పత్రాల గురించే ఈ ఉత్తరం.

నిరుడు వేసవిలో ఒక అబ్బాయి ఫోను పట్టుకుని పరుగున వచ్చాడు. శంషాబాద్ విమానాశ్రయంలో ఉద్యోగం, నెలకు ఇరవై ఎనిమిది వేలు. కాగితం పైన విమానం బొమ్మ, కింద నీలిరంగు ముద్ర, దాని పక్కన సంతకం. కలర్ ప్రింటు ఇరవై రూపాయలు. "అక్కా, ఇంకొకటి తీయండి, నాన్నకు ఇవ్వాలి" అన్నాడు. వాళ్ల నాన్న బాదేపల్లి మార్కెట్ యార్డులో హమాలీ. వారం తిరగకుండానే ఆ అబ్బాయి యూనిఫాం రసీదు ప్రింటు కోసం మళ్లీ వచ్చాడు. ఆ తరువాత శిక్షణ డిపాజిట్టు రసీదు. రిజిస్ట్రేషన్‌కు 1,550, యూనిఫాంకు 4,200, శిక్షణకు 9,800 రూపాయలు. చేరమన్న రోజున తెల్లవారకముందే బస్సెక్కి వెళ్లి, గేటు దగ్గర భద్రతా సిబ్బందికి ఆ కాగితం చూపించాడు. "ఈ నెలలో ఇలాంటి కాగితంతో ఎంతమంది వచ్చారో లెక్కే లేదు, ఇంటికి వెళ్లు బాబూ" అని ఆయన నెమ్మదిగా చెప్పి పంపారట.

మూడు కాగితాలూ నా చేతుల మీదుగానే వెళ్లాయి. ఒక్కదాన్నీ నేను చదవలేదు. ఇతరుల కాగితాలు చదవకూడదన్నది మా పనిలో మర్యాద. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ మర్యాద పాటించడం మానుకున్నాను. చదివి ఉంటే నాకు కనిపించేవే అన్నీ. మెయిల్ వచ్చింది సంస్థ సొంత చిరునామా నుంచి కాదు, ఎవరైనా ఉచితంగా తెరుచుకోగల మెయిల్ ఖాతా నుంచి. డబ్బు వెళ్లింది ఒక వ్యక్తి పేరున ఉన్న యూపీఐ నంబరుకు. ఎవరి దగ్గర హాజరు కావాలో, ఏ విభాగమో ఎక్కడా లేదు. వీటన్నిటికంటే ముందు, జీతం ఇవ్వవలసిన చోట జీతగాడి నుంచే డబ్బు అడగడం ఏమిటన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. సర్కారు బడిలో చేరినప్పటి నుంచి ప్రతి దరఖాస్తుకూ ఏదో ఒక ఫీజు కడుతూ పెరిగిన పిల్లలకు ఉద్యోగానికీ ఫీజు ఉంటుందనే అనిపిస్తుంది. వాళ్లను తప్పుపట్టలేను.

ఇక రెండో సంగతి. ఇది మొన్న సంక్రాంతి ముందు జరిగింది.

మిడ్జిల్ వైపు ఒక ఊరి అమ్మాయి. బీఎస్సీ పూర్తి చేసింది. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. మధ్యాహ్నం రెండింటికి వచ్చి కౌంటరు ముందు నిలబడి, "అక్కా, రెండు కాపీలు" అని ఫోను నా ముందు పెట్టింది. గొంతు సరిగా రావడం లేదు. నేను చదవడం మొదలుపెట్టాను. నాలుగు పేజీల లీగల్ నోటీసు. మొత్తం ఇంగ్లీషు. పైన మూడు సింహాల చిహ్నం, తక్కెడ పట్టుకున్న న్యాయదేవత బొమ్మ, కింద రెండు గుండ్రటి ముద్రలు. సాయంత్రం ఐదు గంటల్లోపు 5,900 రూపాయలు కట్టకపోతే కేసు నమోదవుతుందనీ, పోలీసులు ఇంటికి వస్తారనీ రాశారు.

కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి అడిగితే చెప్పింది. ఇంటి నుంచే డేటా ఎంట్రీ పని అని ఫోనులో ప్రకటన చూసింది. ముందుగా పైసా కట్టనక్కర్లేదన్నారు కాబట్టే నమ్మింది. ఐదు రోజుల్లో 480 ఫారాలు నింపాలి, ఫారానికి ముప్పై రూపాయలు, నూటికి తొంభై తప్పులేకుండా ఉండాలి. ఫోను తెర మీద వేలితో సంతకం చేయించుకున్నారు. బావ ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకుని నాలుగు రాత్రులు కూర్చుని నింపింది. చివరి రోజున ఆ వెబ్‌సైటు తెరుచుకోలేదు. మర్నాడు, నీ పనిలో తప్పులు ఎక్కువ, ఒప్పందం ఉల్లంఘించావు, వెబ్‌సైటు ఖర్చు కట్టు అని ఫోను. ఆపైన ఈ నోటీసు. రెండు రోజులుగా సరిగా అన్నం తినలేదు. ఇంట్లో చెప్పావా అంటే తల అడ్డంగా ఊపింది. "చెబితే ఫోను లాక్కుంటారు అక్కా. ఉద్యోగం మాట మళ్లీ ఎత్తనివ్వరు."

డబ్బు ఎక్కడిది అన్నాను. పర్సు తెరిచి చిన్న ప్లాస్టిక్ కవరు చూపించింది. వెండి పట్టీలు. కుదువ పెట్టడానికి తెచ్చుకుంది. అప్పుడు కిందికి చూశాను. చెప్పులకు పైన, చీలమండల చుట్టూ పట్టీల ముద్ర ఇంకా తెల్లగా ఉంది.

మహబూబ్‌నగర్ కోర్టులో మాకు తెలిసిన వకీలు ఒకాయన ఉన్నారు. నోటీసు ఫొటోలు ఆయనకు పంపించాను. పది నిమిషాల్లో ఫోను చేసి ఆ అమ్మాయితోనే మాట్లాడారు. ఆయన చెప్పిన మాటలను నేను ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. పని సరిగా చేయలేదన్న కారణంతో పోలీసులు ఎవరినీ అరెస్టు చేయరు. అది నిజమైన ఒప్పందమే అయినా సివిల్ తగవు అవుతుంది తప్ప నేరం కాదు. ఫలానా వ్యక్తి ఫోను నంబరుకు డబ్బు పంపు, కేసు ఆపుతాం అని ఏ కోర్టూ అడగదు. నోటీసులో ఐపీసీ 420 అని ఉంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమలులో ఉన్నది భారతీయ న్యాయ సంహిత, మోసానికి అందులో 318వ సెక్షను. ఈ ఏడాది జరిగినదానికి 420 అని రాసే వకీలు ఉండడు. నోటీసుకు జత చేసిన స్టాంపు పేపరు కొన్న తేదీ చూడమన్నారు. చూశాం. 2021. ఆ అమ్మాయి సంతకం చేసింది ఈ జనవరిలో. కొన్నవారి పేరు ఉండవలసిన చోట ఎవరిదో పేరు, దాని మీద సగం కప్పేలా ఇంకో ముద్ర.

ఆ అమ్మాయి డబ్బు కట్టలేదు. నా కంప్యూటరు నుంచే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేశాం. నోటీసు, నంబర్లు, సందేశాల ఫొటోలు అన్నీ జత చేశాం. కొత్త కొత్త నంబర్ల నుంచి పదకొండు రోజులు ఫోన్లు వచ్చాయి. ఆ తరువాత ఆగిపోయాయి.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ నోటీసు కాదు. మూడు సంవత్సరాలు డిగ్రీ కాలేజీకి వెళ్లిన పిల్లకు ఆ కాగితం చూపించి ఇది నిజమా అని అడగడానికి ఒక్క మనిషి లేకపోవడం. రెండు జిరాక్సులు అవసరం పడ్డాయి కాబట్టి నా దగ్గరికి వచ్చింది. ఫోనులోనే పని అయిపోయి ఉంటే వచ్చేది కాదు, నేరుగా పట్టీలు కుదువ పెట్టే దుకాణానికి వెళ్లేది.

మా నాన్న గుంపు మేస్త్రీ వెంట, అంటే కూలీలను పోగుచేసి దూరపు పనులకు తీసుకెళ్లేవాడి వెంట, వలస వెళ్లిన మనిషి. పాలమూరు లేబరు అంటే దేశంలో ఆనకట్ట, కాలువ, రోడ్డు పని జరిగే ప్రతిచోటా తెలిసిన మాట. ఆయన ఎక్కడో దూరాన ఉన్నప్పుడు ఎవరితోనో రాయించిన ఇన్‌లాండ్ లెటరు ఇంటికి వచ్చేది. అమ్మకు చదువు రాదు. నన్ను చంకనేసుకుని బడి సారు ఇంటికి వెళ్లేది. ఆయన అరుగు మీద కూర్చుని చదివి పెట్టేవారు. చదవడమే కాదు, ఇందులో మేస్త్రీ బాకీ ఇంత అని రాశాడు, అది నిజం కాదు, పోయినసారి ఉత్తరంలో ఇంకోలా ఉంది అని కూడా చెప్పేవారు. ఇప్పుడు ప్రతి పిల్ల చేతిలో రోజుకు పది ఉత్తరాలు వచ్చే ఫోను ఉంది. చదవడం వాళ్లకు వచ్చు. కానీ ఇది అబద్ధం అని చెప్పే సారు లేరు.

మేస్త్రీలను నేను మెచ్చుకోవడం లేదు. ఇంటికి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాళ్లు, అది తీరేదాకా మనిషి వాళ్ల సొత్తు. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఐదుగురికి తగ్గకుండా కూలీలను వేరే రాష్ట్రానికి తీసుకెళ్లే కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలని, ప్రతి కూలీకి ఫొటో అంటించిన పాసుపుస్తకం ఇచ్చి అందులో కూలి రేటు రాయాలని ఆ చట్టం చెప్పింది. నాన్న ఆ పుస్తకాన్ని కళ్లతో చూడకుండానే వెళ్లిపోయారు. కానీ ఆ మేస్త్రీకి ఒక ఊరు ఉండేది, ఇల్లు ఉండేది. కూలి ఎగ్గొడితే ఆడవాళ్లు వెళ్లి గడప ముందు కూర్చునేవాళ్లు. ఇప్పటి ఫోను మేస్త్రీ అడ్వాన్సు ఇవ్వడు, మన దగ్గరే తీసుకుంటాడు. వెళ్లి కూర్చోవడానికి గడప లేదు.

మోసాల్లో రకాలు పెరుగుతున్నాయి. వీడియోలకు లైకులు కొడితే డబ్బు అని మొదట నూట యాభయ్యో రెండు వందలో నిజంగానే వేస్తారు. నమ్మకం కుదిరాక పెద్ద మొత్తం కట్టిస్తారు. ఇంకొందరు జీతం ఖాతా అని బ్యాంకులో ఖాతా తెరిపించి ఏటీఎం కార్డు, సిమ్ కార్డు తమ దగ్గరే ఉంచుకుంటారు. ఎవరినో దోచిన సొమ్ము ఆ ఖాతాలోంచి దాటిపోతుంది, పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మాత్రం మన పిల్లవాడి ఇంటికి. తల్లిదండ్రులు దీని గురించి తప్పకుండా పిల్లలతో మాట్లాడాలి. విదేశాల్లో కంప్యూటరు ఉద్యోగమని తీసుకెళ్లి కంబోడియా, మయన్మార్‌లలో బంధించి సైబర్ మోసాలు చేయించిన వార్తలు మీ పత్రికలోనే చదివాను, వారిలో తెలంగాణ పిల్లలూ ఉన్నారు. విదేశాలకు మనుషులను పంపే ఏజెంటుకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదు ఉండాలి. ఆ పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో ఎవరైనా చూడవచ్చు. విదేశీ ఉద్యోగాలకు పంపడానికి మన రాష్ట్ర ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది. టూరిస్టు వీసా మీద ఉద్యోగానికి రమ్మన్నవాడి మాట అక్కడితో వదిలేయాలి.

నిజమైన ఉద్యోగాల సంగతీ చెప్పాలి. మా చుట్టుపక్కల ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి, పిల్లలు చేరుతున్నారు, నిలదొక్కుకుంటున్నారు. కానీ ప్రకటనలో 18,000 నుంచి 25,000 అని ఉంటుంది, వెళ్లాక భోజనం, బస్సు కోతలు పోగా పదకొండు వేలు చేతికి వస్తుంది. ఒక కాంట్రాక్టరు దగ్గర నలుగురు పిల్లల ఒరిజినల్ మెమోలు ఉండిపోయాయి, మానేస్తామంటే ఇవ్వడం లేదని నా దగ్గరికి వచ్చి అర్జీ రాయించుకున్నారు. పెళ్లి కాని అమ్మాయిలే కావాలని, మగవాళ్లే కావాలని రాసిన ప్రకటనలు వాట్సాప్ గ్రూపుల్లో రోజూ వస్తున్నాయి. ఒకే పనికి ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపకూడదని 1976లోనే సమాన వేతన చట్టం చెప్పింది. ఆ మాటే ఇప్పుడు వేతనాల కోడ్‌లో ఉంది. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి, నెల జీతం మరుసటి నెల ఏడో తేదీలోపు ఇవ్వాలి, ఉద్యోగం మానేసినా తీసేసినా రావలసిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఈ మాటలు పిల్లలకు చెబితే ఆశ్చర్యంగా చూస్తారు. ఎవరో వాళ్లకు దయతో ఇచ్చేవి అనుకుంటారు.

డబ్బు తీసుకోకుండా ఉద్యోగాలు చూపే చోట్లు లేకపోలేదు. కేంద్రానిది నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ 2015 నుంచి ఉంది. రాష్ట్రానిది డీట్ అనే పోర్టల్ ఉంది. నేనే చాలామందికి నమోదు చేసి పెట్టాను. అయినా పిల్లలు అక్కడ నిలబడరు, కారణం నాకు తెలుసు. మోసగాడు రెండు నిమిషాల్లో జవాబిస్తాడు. పేరుతో పిలుస్తాడు, గుడ్ మార్నింగ్ చెబుతాడు. నిజమైన సంస్థకు దరఖాస్తు పెడితే మూడు వారాలైనా అందిందో లేదో తెలియదు. ఇరవై ఏళ్ల వయసులో, ఇంట్లో ఇంకా ఉద్యోగం రాలేదా అన్న మాట రోజూ వింటున్నవాళ్లకు, పలికిన మనిషే మంచివాడిలా కనిపిస్తాడు. దరఖాస్తు అందింది, ఎంపిక కాలేదు అన్న రెండు ముక్కలు సంస్థలు తెలుగులో పంపినా ఎంతోమంది పిల్లలు ఆ రెండు నిమిషాలవాడి దగ్గరికి వెళ్లరు. ఇది ఖర్చు లేని పని.

నేను ఇంటర్ పాసయ్యాక 1996లో మహబూబ్‌నగర్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజీలో పేరు రాయించుకున్నాను. మూడేళ్లకోసారి కార్డు రెన్యువల్ చేయించుకోవాలి. ఉద్యోగం రాలేదు. కానీ అక్కడ ఒక కిటికీ, దాని వెనక ఒక గుమాస్తా ఉండేవారు. ఇది సర్కారు కాగితమేనా అని అడిగితే చూసి చెప్పేవారు. నేను కోరేది ఆ కిటికీనే. ఆయా జిల్లాల ఉపాధి కల్పన కార్యాలయం నుంచి ఒక్కో ఉద్యోగి వారానికి ఒక పూట జడ్చర్ల, దేవరకద్ర, నారాయణపేట, మక్తల్, నాగర్‌కర్నూల్, అచ్చంపేట లాంటి చోట్ల డిగ్రీ కాలేజీలోనో గ్రంథాలయంలోనో కూర్చోవాలి. పిల్లలు తెచ్చిన నియామక పత్రం, ఒప్పందం, నోటీసు చదివి నిజమో కాదో చెప్పాలి. ఆ సంస్థ నిజంగా నమోదై ఉందో లేదో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో చూసి చూపించాలి. చివరి సంవత్సరం విద్యార్థులకు ఒక నిజమైన పత్రం, ఒక దొంగ పత్రం పక్కపక్కన పెట్టి ఒక్క పీరియడ్ పాఠం చెప్పినా చాలు. నేను మా దుకాణం ముందు అట్ట మీద రాసి పెట్టాను, ఉద్యోగం కాగితాలు ప్రింటు తీసే ముందు ఉచితంగా చదివి చెబుతాను అని. ఈ రెండు నెలల్లో పదిహేడు మంది అడిగారు. ఐదింటిలో నాకు అనుమానం వచ్చింది. కానీ నేను వకీలును కాను, అధికారిని కాను, నా మాట తప్పయితే ఒక పిల్లకు మంచి ఉద్యోగం పోతుంది. అందుకే ఆ కుర్చీలో బాధ్యత గల మనిషి కావాలంటున్నాను.

ఆడపిల్లలకు నేను ఇంకొకటి చెబుతున్నాను. 2023 డిసెంబరు 9 నుంచి మనకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బు లేదు. హైదరాబాద్‌లో ఆఫీసు అన్నవాళ్లను చిరునామా అడగండి, చేరే ముందు ఒక రోజు ఇంట్లోవాళ్లనో స్నేహితురాలినో వెంటబెట్టుకుని పగటిపూట వెళ్లి చూసి రండి. చిరునామా అడగగానే ఫోను పెట్టేసినవాళ్లను ఇప్పటికే ముగ్గురిని చూశాను. డబ్బు పోయినవాళ్లు సిగ్గుపడి కూర్చోకుండా ఆ గంటలోనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే బ్యాంకులో ఆ సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ. విమానాశ్రయం అబ్బాయి నాకు చెప్పింది నాలుగు నెలల తరువాత. అప్పటికి ఆ డబ్బు ఎన్ని ఖాతాలు దాటిపోయిందో.

మీకూ ఒక విన్నపం. జిల్లా పేజీల్లో చిన్న ప్రకటనలు మా వైపు చాలామంది చదువుతారు. పత్రికలో వచ్చిందంటే నిజమే అనుకుంటారు, ఆ నమ్మకం మీరు ఏళ్ల తరబడి సంపాదించుకున్నది. ఉద్యోగ ప్రకటనల్లో సంస్థ పేరు, పూర్తి చిరునామా, జీతం లేకుండా ఒక్క ఫోను నంబరు మాత్రమే ఉంటే వేయకండి. ఉద్యోగానికి డబ్బు కట్టనక్కర్లేదు అన్న ఒక్క వరుస ఆ ప్రకటనల పైన ప్రతిరోజూ అచ్చువేయండి.

ఆ అమ్మాయి అడిగిన రెండు కాపీలు అప్పుడే ప్రింటరులోంచి వచ్చేశాయి. వాటిని తీసుకెళ్లలేదు. పట్టీలు నా ముందే కాళ్లకు పెట్టుకుని బస్సెక్కింది. ఒక కాపీ పోలీసులు అడిగితే ఇవ్వడానికి దాచి ఉంచాను. రెండోదానిలో ఆమె పేరు, ఊరు, ఫోను నంబరు నల్ల సిరాతో కొట్టేసి ఈ ఉత్తరంతో పాటు పంపిస్తున్నాను. స్థలం ఉంటే నా ఉత్తరం తగ్గించి అయినా ఆ నోటీసు మొదటి పేజీని, దాని స్టాంపు పేపరును ఫొటోగా వేయండి. అలాంటిదే ఇంకొకరి ఫోనులో ఈ రోజు ఉండి ఉంటుంది.

ఆ అమ్మాయిని ఎవరూ గుర్తుపట్టకూడదు కాబట్టి నా పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు
ఒక జిరాక్సు సెంటరు నిర్వాహకురాలు
జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా